పద్నాలుగో లూయీ ‘నేనే రాజ్యం’ అన్నాడా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ఐరోపా చరిత్ర చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఫ్రెంచి విప్లవం పాఠానికి ముందు ప్రతి ఏడాదీ ఒకటే అడుగుతాను: “పద్నాలుగో లూయీ గురించి మీకేం తెలుసు?” క్లాసంతా ఒక్కగొంతుతో “నేనే రాజ్యం!” అంటుంది. పోటీ పరీక్షల కోసం బట్టీపట్టిన బిట్టు అది. ఈమధ్య దానికి ఇంకొకటి తోడైంది: “సార్, ఆయన జన్మలో మూడుసార్లే స్నానం చేశాడట కదా, రీల్స్‌లో చూశాం.” ఫ్రాన్స్‌ను 54 ఏళ్లు స్వయంగా ఏలిన రాజు ఈ రెండు ముక్కల్లోకి కుంచించుకుపోవడం చూస్తే బాధేస్తుంది.

అపోహ: ‘నేనే రాజ్యం’ అన్నాడు.

1655 ఏప్రిల్ 13న పారిస్ పార్లమెంటులో అన్నాడని చెబుతారు. పార్లమెంటు అంటే మన లోక్‌సభలాంటిది కాదు, రాజు శాసనాలను నమోదు చేసే పెద్ద న్యాయస్థానం. పన్నుల శాసనాలపై మళ్లీ చర్చ పెడుతున్నారని తెలిసి, పదహారేళ్ల లూయీ వేట దుస్తుల్లోనే వచ్చి, ఆ సమావేశాలు ఆపమని న్యాయాధిపతులకు గట్టిగా చెప్పిన మాట నిజం. కానీ ఆనాటి రికార్డుల్లో ‘నేనే రాజ్యం’ అన్న వాక్యం లేదు. అది తర్వాతివాళ్లు ఆయన నోట పెట్టిన మాట.

రికార్డుకెక్కిన మాట ఇంకొకటుంది. 1715 ఆగస్టు చివర్లో కాలు కుళ్లిపోయి మంచంలో ఉన్నప్పుడు, చుట్టూ నిలబడ్డ ఆస్థానం వాళ్లతో అన్నాడు: “నేను వెళ్లిపోతున్నాను, కానీ రాజ్యం ఎప్పటికీ ఉంటుంది.” దగ్గరే ఉన్న దాంజో అనే ప్రభువు దాన్ని రాసిపెట్టాడు. తాను వేరు, రాజ్యం వేరు అని పోయేముందు చెప్పిన మనిషి మెడకు మనం సరిగ్గా దానికి వ్యతిరేకమైన మాటను కట్టాం. పరీక్షలో ఆ బిట్టు వస్తే మాత్రం లూయీ పేరే పెట్టండి, మార్కు పోగొట్టుకోవద్దు.

అపోహ: స్నానమే ఎరగడు.

వెర్సాయ్ ప్రాసాదంలో స్నానాలకే ప్రత్యేకంగా గదులు కట్టించాడు. అక్కడిదే ఎనిమిది పలకల పాలరాతి తొట్టి ఇప్పటికీ ఉంది. కుర్రతనంలో సేన్ నదిలో ఈతలు కొట్టేవాడు. అయితే వేడినీళ్లకు చర్మరంధ్రాలు తెరుచుకుని రోగాలు లోపలికి దూరతాయన్నది ఆనాటి వైద్యుల నమ్మకం. అందుకే స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఒళ్లు తుడవడం, రోజులో చాలాసార్లు చొక్కా మార్చడం వాళ్లకు శుభ్రత. ఆయన వైద్యులు 1647 నుంచి 1711 దాకా రాసిన ఆరోగ్య దినచర్య మనకు దొరుకుతోంది. ఎక్కువమంది మనుషుల విషయంలో ఇంత వివరంగా మనకేమీ తెలియదు. 1686 నవంబరు 18న మత్తుమందు లేకుండా భగందరానికి (మలద్వారం పక్కన చీముపట్టే పుండుకు) ఆపరేషన్ చేయించుకున్నాడు. శస్త్రవైద్యుడు ఫెలిక్స్ ముందుగా పేద రోగుల మీద చేయి తిప్పుకుని మరీ వచ్చాడు. ఆ పేదల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

అపోహ: ఇనుప ముసుగు ఖైదీ ఆయన కవల సోదరుడు.

కాదు. ముఖానికి ముసుగేసి, ఎవరో తెలియకుండా బంధించిన ఆ ఖైదీ 1703లో పారిస్‌లోని బాస్టిల్ జైల్లో చనిపోయాడు. ఆ ముసుగు కూడా ఇనుముది కాదు, నల్ల మఖమలుది. పైగా ఫ్రాన్స్ రాణి ప్రసవం సాక్షుల ఎదుట జరిగేది. రెండో బిడ్డను దాచడం కుదిరే పని కాదు.

అపోహ: వెర్సాయ్ భవనాలే ఖజానా ముంచాయి.

ముంచినవి యుద్ధాలు. 1667 నుంచి 1714 లోపు నాలుగు పెద్ద యుద్ధాలు. 1690ల్లో సైన్యం సుమారు మూడున్నర లక్షలు. 1689లో వెర్సాయ్‌లోని వెండి సామానును కరిగించి నాణేలు కొట్టించారు. 1693–94లో కరువు. 1709 జనవరిలో నదులు గడ్డకట్టి, చేలోని గోధుమ చచ్చిపోయింది. శాంతి కావాలంటే స్పెయిన్ సింహాసనం మీదున్న సొంత మనవణ్ణి తానే దించాలని శత్రుదేశాలు షరతు పెట్టాయి. లూయీ ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ఆ జూన్ 12న లేఖ రాయించి, దేశమంతటా ప్రజలకు తెలియజేశాడు. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని రాజు ప్రజలకు సంజాయిషీ ఇచ్చుకున్న ఆ లేఖను నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. “నేను యుద్ధాన్ని మరీ ఇష్టపడ్డాను” అని పోయేముందు అయిదేళ్ల ముని మనవడితో ఒప్పుకున్నాడు కూడా.

ఇలా అంటే ఆయన్ను వెనకేసుకొస్తున్నానని కొందరు పిల్లలు అనుకుంటారు. 1685లో ప్రొటెస్టెంట్లకు ఉన్న హక్కులు రద్దుచేసి రెండు లక్షల మందిదాకా దేశం విడిచిపోయేలా చేసింది ఆయనే. బానిసత్వాన్ని చట్టంగా రాయించిందీ అదే ఏడాది. నిజంగా చేసిన తప్పులు ఇన్ని ఉండగా అనని మాటకు నిందించడమెందుకన్నదే నా బాధ.

చివరిది మన కృష్ణా తీరంది. లూయీ దగ్గరున్న నీలి వజ్రాన్ని టావెర్నియే అనే వర్తకుడు విగ్రహం కంట్లోంచి దొంగిలించాడని, ఆ శాపంతో కుక్కలు అతన్ని చీల్చి చంపాయని యూట్యూబ్‌లో తెగ చెబుతారు. టావెర్నియే గోల్కొండ గనులకు వచ్చి వజ్రాలు కొన్న వ్యాపారి. 112 క్యారెట్ల ఆ నీలిరాయిని ఇంకా వెయ్యికి పైగా వజ్రాలతో కలిపి లూయీకి అమ్మాడు. ఎనభై దాటాక మాస్కోలో పోయాడు. 1673లో రాజు దాన్ని సుమారు 67 క్యారెట్లకు సానపట్టించాడు. 1792లో విప్లవం గొడవల్లో దొంగలు ఎత్తుకుపోయారు. దాన్నే మళ్లీ కోయగా మిగిలిన 45.52 క్యారెట్ల ముక్క ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ‘హోప్’ వజ్రంగా ఉంది. అది కొల్లూరు గనిదే అయ్యుంటుందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.