హెవీ క్రూడ్ అంటే చిక్కని నూనేనా? క్రూడ్ ప్రవాహం మీద అపోహలు - వాస్తవాలు

ముడిచమురు (క్రూడ్) ఎలా పారుతుందో, అంటే దాని విస్కాసిటీ (చిక్కదనం) ఎంతో కొలిచే ల్యాబ్‌లో పనిచేస్తాను. కొత్తగా చేరిన ఇంజినీర్లే కాదు, ఏళ్ల అనుభవం ఉన్న ఆపరేషన్స్ వాళ్లు కూడా ఫోన్ చేసి "ఈ క్రూడ్ విస్కాసిటీ ఎంత?" అని అడుగుతారు, నేను "ఏ టెంపరేచర్ దగ్గర?" అని తిరిగి అడుగుతాను. ఆ ప్రశ్న లేకుండా ఇచ్చిన అంకెను దయచేసి ఎవరూ డిజైన్‌లో వాడకండి.

అపోహ: హెవీ అంటే చిక్కన, లైట్ అంటే పలచన.

హెవీ, లైట్ అనేవి సాంద్రతను బట్టి పెట్టిన పేర్లు. ఏపీఐ గ్రావిటీ అనే సాంద్రత కొలమానంలో నీళ్లు 10 డిగ్రీలు, అంకె తగ్గేకొద్దీ నూనె బరువెక్కుతుంది. విస్కాసిటీ సంగతి వేరు. ఆముదం నీళ్ల మీద తేలుతుంది, కానీ సీసా వంచితే ఎంత నిదానంగా దిగుతుందో మనందరికీ తెలుసు. పాదరసం నీళ్లకంటే 13 రెట్లు బరువు, అయినా ఇంచుమించు నీళ్లలాగే పారుతుంది. క్రూడ్‌లో ఆస్ఫాల్టీన్లు, రెజిన్లు లాంటి పెద్ద అణువులు సాంద్రతనూ, విస్కాసిటీనీ రెండింటినీ కలిపి పెంచుతాయి కాబట్టి ఈ గందరగోళం.

రాజస్థాన్‌లోని బార్మేర్ దగ్గర మంగళ ఫీల్డ్ నూనె చూడండి. అది హెవీ కాదు, కానీ మైనం ఎక్కువ. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు ఇది 40 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. అందుకే గుజరాత్ తీరం దాకా 600 కిలోమీటర్లకు పైగా పైప్‌లైన్‌ను పొడవునా వేడి చేస్తూ, ఇన్సులేషన్ చుట్టి నడపాల్సి వచ్చింది.

అపోహ: ఏపీఐ ఒకటే అయితే రెండు ఫీల్డులూ ఒకేలా నడుస్తాయి.

కెనడాలోని అల్బెర్టా రాష్ట్రంలో అథబాస్కా బిటుమెన్ (తారులాంటి నూనె), వెనెజువెలాలో ఒరినోకో నూనె, రెండూ ఏపీఐలో 8 నుంచి 10 మధ్యవే. కానీ అల్బెర్టాలో భూమి లోపల నూనె ఉన్న పొర ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు, అక్కడ విస్కాసిటీ పది లక్షల సెంటీపాయిజ్ (విస్కాసిటీ కొలిచే యూనిట్) దాటుతుంది, అంటే బావి తవ్వినా కదలదు. అందుకే ఒకదాని కింద ఒకటి రెండు అడ్డ బావులు (భూమి లోపల అడ్డంగా సాగేవి) వేసి, పై బావిలోంచి ఆవిరి పంపి, కరిగి దిగిన నూనెను కింది బావితో తోడతారు. ఒరినోకోలో పొర 50 డిగ్రీల దగ్గర ఉంటుంది, విస్కాసిటీ వేలల్లోకి పడిపోతుంది, చాలాచోట్ల ఆవిరి లేకుండానే అడ్డ బావుల్లోకి వచ్చేస్తుంది. పొయ్యి మీద బెల్లం పాకానికీ, దించి చల్లారిన పాకానికీ ఎంత తేడానో అంత తేడా!

అపోహ: పోర్ పాయింట్ పైన ఉంటే టెన్షన్ లేదు, కిందికి పడితే లైన్ ఆగిపోతుంది.

రెండు ముక్కలూ తప్పే. పోర్ పాయింట్ అంటే జార్‌లో నూనెను చల్లబరుస్తూ 3 డిగ్రీలకోసారి వంచి, ఎంత చల్లదనం దాకా ఇంకా కదులుతుందో చూసే పరీక్ష, అంతకుమించి ఏమీ కాదు. పోర్ పాయింట్ కంటే చాలా పైనే మైనం పైపు గోడకు పేరుకోవడం మొదలవుతుంది. అటువైపు, నూనె పారుతూనే ఉంటే దానికంటే కింద కూడా నడుస్తుంది. పాలు కదపకుండా ఉంచితేనే గట్టిగా తోడుకున్నట్టు, అసలు ప్రమాదం ఆగినప్పుడు వస్తుంది. నాకు తెలిసిన ఒక లైన్ ఒక రాత్రి ఆగింది, తెల్లారి రోజూ పెట్టే ప్రెషర్‌కి అంగుళం కూడా కదల్లేదు. లోపల మైనం స్ఫటికాలు వలలా అల్లుకుని ఉంటాయి, ముందు ఆ వల తెగాలి, అది తెగడానికి కావాల్సిన ప్రెషర్ రోజువారీ లెక్కలో ఉండదు. పైగా అదే నూనెను అంతకుముందు ఎంత వేడి చేశారు, ఎంత వేగంగా చల్లార్చారు అన్నదాన్ని బట్టి కూడా ఇది మారుతుంది, కాబట్టి శాంపిల్‌తో పాటు దాని చరిత్ర కూడా రాసి పంపండి.

అపోహ: నీళ్లు కలిస్తే పలచబడుతుంది.

మజ్జిగ కాదు కదా ఇది. నీటి బొట్లు నూనెలో చిక్కుకుంటే ఆస్ఫాల్టీన్లు వాటి చుట్టూ పొరలా పట్టి విడిపోనివ్వవు, విస్కాసిటీ ఎన్నో రెట్లు పెరుగుతుంది. తిరగేసి నూనె బొట్లను నీళ్లలో నిలబెడితే మాత్రం సులువుగా పారుతుంది; వెనెజువెలా 70 శాతం బిటుమెన్, 30 శాతం నీళ్లతో ఒరిమల్షన్ అని పవర్ ప్లాంట్లకు అమ్మింది అలాంటిదే. ఏది బొట్లుగా ఉంది, ఏది వాటి చుట్టూ ఉంది అన్నదే కీలకం.

అపోహ: డైల్యూయెంట్ (పలచన చేసే ద్రావకం) పది శాతం కలిపితే విస్కాసిటీ పది శాతం తగ్గుతుంది.

అంతకంటే చాలా ఎక్కువ తగ్గుతుంది. కెనడాలో బిటుమెన్‌లో సుమారు 30 శాతం కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే చాలా పలచని నూనె) కలిపి, లక్షల్లో ఉన్నదాన్ని పైప్‌లైన్ పరిమితి అయిన 350 సెంటీస్టోక్స్‌కి (ఇదీ విస్కాసిటీ యూనిట్టే) తెస్తారు. సగటు లెక్క ఇక్కడ పనికిరాదు, కలిపి కొలవాల్సిందే. తప్పుడు ద్రావకం ఎక్కువైతే ఆస్ఫాల్టీన్లు విడిపోయి అడుగున పేరుకుంటాయి, అది ఇంకో తలనొప్పి.

అపోహ: ట్యాంకు శాంపిల్ చాలు.

భూమి లోపల నూనెలో గ్యాస్ కరిగి ఉంటుంది, ఆ గ్యాసే దాన్ని పలచగా ఉంచుతుంది. పైకి వచ్చి గ్యాస్ పోయాక మీరు ట్యాంకులో పట్టిన నూనె వేరే నూనె కింద లెక్క. బావి ఎంత ఇస్తుందో అంచనా వేయాలంటే ప్రెషర్ పోకుండా సీసాలో పట్టిన శాంపిల్ కావాలి, ఖర్చు ఎక్కువే, అయినా పట్టించండి.