వాయుగుండం బలపడితే ఏమవుతుంది?

నవంబరు నెలలో తిరుపతిలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా టీవీలోంచి ఈ మాట వినబడుతుంది: "బంగాళాఖాతంలో అల్పపీడనం బలపడి వాయుగుండంగా మారింది." వెంటనే అందరికీ వచ్చే సందేహం ఒకటే, తుఫాను అవుతుందా కాదా అని. కాదని తెలిస్తే టెన్షన్ తగ్గిపోతుంది. "వాయుగుండమే కదన్నా, తుఫాను కాదంటలే" అనుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. ఆ ధీమా మన ఊరికి పనికిరాదు. వాతావరణ శాఖ బలపడింది అన్నప్పుడు కొలిచేది గాలిని. మనల్ని ముంచేది వాన. గాలి పెరిగినంత మాత్రాన వాన పెరగాలనీ లేదు, గాలి తక్కువగా ఉంటే వాన తగ్గాలనీ లేదు.

ముందు ఆ కొలత సంగతి చూద్దాం. సముద్రం మీద ఒకచోట పీడనం తగ్గితే చుట్టుపక్కల గాలి అటువైపు వీస్తుంది, భూభ్రమణం వల్ల పక్కకు మళ్లి సుడి తిరుగుతుంది. ఆ సుడిలో గాలి వేగం గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉన్నంతకాలం దాన్ని అల్పపీడనం అంటారు. 31 నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62కి చేరితే తుఫాను, పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను. అలా పెరుగుతూ 222కి చేరితే సూపర్ సైక్లోన్. 1999లో ఒడిశా మీద పడింది అలాంటిదే. ఈ వరసలో ఎక్కడా వాన ఊసే లేదని గమనించండి.

నడిసముద్రంలో గాలిని ఎవరు కొలుస్తారు? ఎక్కువగా అంచనాయే. అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ 1970లలో ఒక పద్ధతి తయారుచేశాడు. ఉపగ్రహ చిత్రంలో మేఘాలు ఎంత గుండ్రంగా చుట్టుకున్నాయి, నడుమ కన్ను ఏర్పడిందా, మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉంది అని చూసి గాలి వేగాన్ని లెక్కగడతారు. నేటికీ ప్రపంచమంతా దాని మీదే ఆధారపడుతోంది.

ఇక బలం ఎక్కడినుంచి వస్తుందంటే, నీటి ఆవిరి నుంచి. సముద్రపు పైపొర 26.5 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే ఆవిరి ధారాళంగా పైకి లేస్తుంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 600 కిలో కేలరీల వేడి తీసుకుంటుంది. పైన చల్లబడి మళ్లీ నీటి బొట్టుగా మారేటప్పుడు ఆ వేడినంతా అక్కడి గాలికి ఇచ్చేస్తుంది. వేడెక్కిన గాలి ఇంకా పైకి పోతుంది, కింద పీడనం ఇంకా తగ్గుతుంది, చుట్టూ ఉన్న తడిగాలి ఇంకా వేగంగా లోపలికి దూసుకొస్తుంది. ఒకసారి ఈ చక్రం కుదురుకుందంటే రోజు తిరిగేలోపు గాలి వేగం 55 కిలోమీటర్లకు పైగా పెరిగిపోవచ్చు. కుదరకుండా చేసేది పై గాలి. కింద ఒక దిక్కుకు, పైన ఇంకో దిక్కుకు గాలి వీస్తుంటే మేఘాల దొంతర ఒరిగిపోతుంది, వేడి ఒకచోట నిలవదు. నేల మీదికి వస్తే ఆవిరి సరఫరా తెగిపోతుంది కాబట్టి సుడి నీరసిస్తుంది.

బంగాళాఖాతానికి ఇంకో గుణం ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్లు ఉప్పునీటికన్నా తేలిక, అందుకని పైపైనే పరుచుకుంటాయి. మామూలుగా పెనుగాలి సముద్రాన్ని చిలికి అడుగునున్న చల్లటి నీళ్లను పైకి తెస్తుంది, దాంతో తుఫాను తన కాళ్లు తానే నరుక్కుంటుంది. మన దగ్గర ఆ తేలికపొర అడ్డం వచ్చి చిలకడం అంతగా సాగనివ్వదు. పైనీళ్లు వేడిగానే ఉంటాయి.

కోస్తా వాళ్లకు గాలి కొలత అవసరమే, అందులో సందేహం లేదు. గాలి వేగం రెట్టింపైతే అది గోడమీద చూపే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. పైగా సముద్రాన్ని ఒడ్డుకు తోసేది ఆ గాలే. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టింది ఉప్పెన, వేలమంది చచ్చిపోయారు.

సరిగ్గా అదే తేదీన, 2021 నవంబరు 19 తెల్లవారుజామున, పుదుచ్చేరికీ చెన్నైకీ నడుమ ఒక వాయుగుండం తీరం దాటింది. తుఫాను కాలేదు, దానికి పేరు కూడా లేదు. అంతకు వారం ముందే, 11న, ఇంకో వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటి మన నేలను నానబెట్టి, చెరువులను నింపి పోయింది. రెండోది వచ్చేసరికి నీళ్లు ఇంకడానికి చోటే లేదు. తిరుపతి వీధుల్లో వరద పారింది, స్వర్ణముఖి పొంగింది, కపిలతీర్థంలో జలపాతం బురద రంగులో విరుచుకుపడింది. ఘాట్ రోడ్లు మూసేశారు. శ్రీవారి మెట్టు దారి ఎంతగా దెబ్బతిన్నదంటే మళ్లీ తెరిచేసరికి 2022 మే వచ్చింది. కొండలకు అవతల చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, కింది ఊళ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఇదంతా వాతావరణ శాఖ మెట్లలో రెండోదాన్ని కూడా దాటని సుడి చేసిన పని.

ఎందుకిలా జరిగింది? మన ఊరు ఉన్న చోటులోనే ఉంది జవాబు. ఉత్తరార్ధగోళంలో సుడిగాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కేంద్రం చెన్నై దగ్గరో, ఇంకా దక్షిణంగానో ఉంటే, దానికి ఉత్తరాన ఉన్న మనమీదికి గాలి తూర్పునుంచి, అంటే నేరుగా సముద్రం మీదనుంచి వస్తుంది. సముద్రం ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపే. ఆ తడిగాలికి ఎదురుగా శేషాచలం కొండలు. తిరుమల తిరుపతికన్నా సుమారు 700 మీటర్లు ఎత్తు. కొండకు తగిలిన గాలి పైకి ఎక్కక తప్పదు, ఎక్కుతూ కిలోమీటరుకు 5, 6 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది, మోసుకొచ్చిన ఆవిరిని వానగా వదిలేస్తుంది. గాలి గంటకు 40 కిలోమీటర్లు వీచినా సరే, గంటల తరబడి ఒకే దిక్కునుంచి వస్తే చాలు. చదరపు కిలోమీటరు మేర 100 మిల్లీమీటర్ల వాన పడిందంటే 10 కోట్ల లీటర్ల నీళ్లు. కొండ వాలు మీద పడిన ఆ నీళ్లకు కిందికి రావడానికి ఎంతోసేపు పట్టదు.

సుడి నడక కూడా చూడాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ అంతకుముందు చెన్నై పక్కన సముద్రంలో నింపాదిగా కదిలింది కాబట్టే ఆ నగరం మునిగింది. చకచకా దాటిపోయే బలమైన తుఫాను కన్నా నిదానంగా కదిలే బలహీనమైన సుడి ఎక్కువ వాన కురిపించగలదు.

ఈ గాలుల్ని చదివే పెద్ద సాధనం ఒకటి మన పక్కనే ఉందని ఎంతమందికి తెలుసు? తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వద్ద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1990ల తొలినాళ్లలో కట్టిన అక్కడి ఎం.ఎస్.టి. (మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే మూడు గాలిపొరలను చూసే) రాడార్ మామూలు రాడార్‌లా గిరగిరా తిరిగే గిన్నె కాదు, నేలమీద వరసలుగా పాతిన 1024 యాంటెన్నాల తోట. 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, గాలి అలజడికి తగిలి వెనక్కొచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని పడుతుంది. గాలి అడ్డంగా ఎటు పోతోంది అన్నదే కాక, నిలువుగా ఎంత వేగంతో లేస్తోంది అన్నది కూడా చెప్పగలదు. వాన పుట్టేది ఆ నిలువు గాలిలోనే. మన జిల్లా పిల్లలను ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లి చూపించాలని నాకు గట్టిగా ఉంటుంది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అంటే భూమి వేడెక్కుతున్న కొద్దీ ముందుముందు ఇదే వాయుగుండం, ఇదే గాలి వేగంతో, ఇంకొంచెం ఎక్కువ వాన మోసుకొస్తుంది. అందుకే బులెటిన్‌లో బలపడిందా లేదా అన్నది విని ఆపేయకండి. ఎక్కడ తీరం దాటుతుందో, ఎంత నిదానంగా కదులుతోందో వినండి. వర్షపాతం మాట చూడండి: ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. బలహీనపడింది అన్న తర్వాత కూడా చెరువు కట్టల మీద కన్నేసి ఉంచాలి. 2021లో వాయుగుండం 19వ తేదీనే నీరసించి అల్పపీడనమైపోయింది. తిరుపతి పక్కనే ఉన్న రాయలచెరువు కట్టకు లీకేజీ కనబడి, కింది పల్లెలను ఖాళీ చేయించి, ఇసుక బస్తాలు వేయాల్సి వచ్చింది మాత్రం 21న.