మాన్‌స్టర్ హంటర్: వెతుకులాట ఆగింది 2025లో కాదు, 2018లో

హైదరాబాద్ ఆటగాళ్ల మధ్య సేక్రెట్ మీద వాదన మళ్ళీ రాజుకుంది. భారీ మృగాలను వేటాడే వీడియో గేమ్‌ల సిరీస్‌లో ఒకటైన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్‌లో వేటగాడు ఎక్కి తిరిగే ఈ పక్షిలాంటి జంతువు, ఏ మృగం కావాలో ఒకసారి చెప్పాక, పగ్గం పట్టకపోయినా దాని ముందుకే తీసుకుపోయి దింపుతుంది. దారి వెతుక్కోనివ్వని ఆట వేట ఎలా అవుతుందని ఒక వర్గం నిలదీస్తుంటే, ఆఫీసు నుంచి ఇల్లు చేరాక మిగిలే గంటలో కొండలూ గుట్టలూ తిరిగే ఓపిక ఎవరికుందని రెండో వర్గం అడుగుతోంది.

జపాన్ గేమ్ సంస్థ క్యాప్‌కామ్ 2004లో ప్లేస్టేషన్ 2 కోసం తొలి ఆటను తెచ్చిన కథ, జపాన్‌లో నలుగురేసి కూర్చుని చేతిలో పట్టుకునే పీఎస్‌పీ మీద ఆడిన కథ అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. ఆ పాత ఆటల్లో నేల అంకెలు వేసిన చిన్న ముక్కలుగా ఉండేదనీ, ఒక ముక్క దాటి మరో ముక్కలోకి వెళ్లేటప్పుడు లోడింగ్ తెర పడేదనీ గుర్తుంటే చాలు. మృగం కనబడగానే పెయింట్‌బాల్ విసిరి గుర్తు పెట్టుకోవాలి. కాసేపటికి ఆ గుర్తు చెరిగిపోతుంది. ఆకాశంలో బెలూన్ కనిపిస్తే చెయ్యి ఊపి ఆచూకీ రాబట్టుకోవడం మరో మార్గం. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాన్ల మార్కెట్)లో పీఎస్‌పీ కొనుక్కున్న తరం దీన్నే అన్వేషణ అని తలచుకుంటుంది. నిజానికి అందులో అన్వేషణ కన్నా కంఠస్థం ఎక్కువ, ఎందుకంటే ఇరవై వేటలయ్యేసరికి ఏ మృగం ఏ అంకె నుంచి ఏ అంకెకు పారిపోతుందో నోటికి వచ్చేసేది. అయితే ఆ నోటికి వచ్చినది ఆటగాడు సంపాదించుకున్నది, తెర మీద ఎవరో రాసిపెట్టినది కాదు.

అసలు మలుపు 2018 జనవరిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వరల్డ్. అదే ఏడాది ఆగస్టులో పీసీకి కూడా రావడంతో, నాకు తెలిసిన ఆటగాళ్లలో చాలామంది ఈ వేటలోకి అడుగుపెట్టింది అప్పుడే. లోడింగ్ తెరలు తొలగిపోయి నేలంతా ఒకటైంది. ఏన్షెంట్ ఫారెస్ట్ అంతస్తులు అంతస్తులుగా పైకి లేచింది; చిటారున ఉన్న రాథాలోస్ అనే ఎగిరే మృగం గూటి పక్కన నిలిచిన నీటికి అడ్డుకట్ట తెంపితే, ఆ ప్రవాహం మృగాన్ని కిందికి ఈడ్చుకుపోతుంది. తీగల మధ్యకు రప్పిస్తే మృగం వాటిలో చిక్కుకుంటుంది, మత్తు కప్పను తన్నితే స్తంభించిపోతుంది. నేల తెలియడమే ఆయుధమయ్యేంత గొప్పగా, ఈ సిరీస్‌లో ఏ అడవినీ అంతకు ముందు మలచలేదు.

అంత అడవిని కట్టినవారే, దాన్ని తెలుసుకోవలసిన అవసరాన్ని మాత్రం మిణుగురులకు అప్పగించారు. పాదముద్రలు, గోటి గీతలు, జిగురు మరకలు ఏరుకుంటూ పోతే స్కౌట్‌ఫ్లైలనే ఆకుపచ్చ మిణుగురుల గుంపు దారి పరుస్తుంది. జాడలు తగినన్ని పోగుపడ్డాక మృగం ఉన్న చోటు మ్యాప్ మీదికే వచ్చేస్తుంది. చూడటానికి వేటగాడి విద్యలాగే ఉన్నా, ఆటగాడు చూస్తున్నది నేలను కాదు, జాడలు ఏరేకొద్దీ నిండుతున్న కొలతను. కథ మధ్యలో పింక్ రాథియన్ అనే మృగం జాడల కోసం తిరిగి తిరిగి విసిగినవారు ఆ తేడాను అప్పుడే పసిగట్టారు. వెతకడం కొలతగా మారాక, ఆ కొలతను తగ్గించమని అడగడం, కొన్నాళ్లకు తీసేయమనడం సహజమే.

2021 మార్చిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ రైజ్ అదే చేసింది. జాడలు ఏరే పనిని ఎత్తేసి, గుడ్లగూబ సాయంతో మృగాలన్నిటినీ మొదటి నుంచే మ్యాప్ మీద చూపించింది. ఇంకా ఎదురుపడనివి ప్రశ్నార్థకాలుగా ఉంటాయి, అంతే. దారిలో తిరగడానికి కారణం కావాలి కనుక స్పిరిబర్డ్స్‌ను పెట్టింది. ఆరోగ్యమో బలమో పెంచే ఈ పిట్టలను పోగుచేసుకుంటూ పోవడం కూరగాయల చీటీ పట్టుకుని బజారుకు వెళ్లినట్టే అనిపించింది నాకు.

ఈ వరుసలో పెట్టి చూస్తే 2025 ఫిబ్రవరి 28న వచ్చిన వైల్డ్స్‌లోని సేక్రెట్ కొత్త నేరమేమీ చేయలేదు. మూడు రోజుల్లో 80 లక్షలు, నెలలో కోటి ప్రతులు దాటిన ఆటను జనం తిప్పికొట్టారని కూడా అనలేము. సేక్రెట్ పగ్గం ఎప్పుడైనా మన చేతిలోకి తీసుకోవచ్చనీ, వద్దనుకున్నవారు నడవవచ్చనీ సమర్థకులు చెప్పేది నిజమే. కాకపోతే ఈసారి అడవి మరింత మారుతుంది: కరవు కాలం, తుపాను కాలం, సమృద్ధి కాలం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, డోషగూమాలనే మృగాలు మందలుగా తిరుగుతాయి, తుపాను రాగానే మైదానంలోకి మెరుపులతో రే డావ్ అనే మృగం దిగుతుంది. వీటిలో చాలా భాగం పరుగెత్తే సేక్రెట్ పక్క నుంచి వెనక్కి జారిపోతుందన్న ఆక్షేపణకు మాత్రం సమర్థకుల దగ్గర సరైన జవాబు ఇంతవరకు వినలేదు.

సేక్రెట్ దానంతటది నడవకుండా ఆపితే చాలని కోరేవారు కూడా ఒక సంగతి గమనించాలి. దాన్ని పిలవకుండా కాలినడకన బయలుదేరినా, మ్యాప్ మీద మృగం బొమ్మ అక్కడే ఉంటుంది.