ఊరికే ఇస్తుంటే సంతకం ఎందుకు?

పిల్లలూ,

మీలో ఒకమ్మాయి ఈ సెలవుల్లో, ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే ఉచిత ప్రోగ్రాముల కట్ట లిబ్రెఆఫీస్‌లో ఒక చిన్న తప్పు సరిచేసి పంపిందట. వాళ్ళు సంతోషించి, "మీ కోడ్‌ను మా లైసెన్సుల కింద వాడుకోవచ్చని ఒక వాక్యం రాసి పంపండి" అన్నారట. ఆమెకు ఒళ్ళు మండింది. "ఊరికే ఇస్తుంటే మళ్ళీ ఈ పత్రాలేమిటి తాతయ్యా?" అని నాకు రాసింది.

మా చిన్నతనంలో ఇంట్లో ఫ్రిజ్ లేదు. చలికాలం ఒక్కోసారి పాలు తోడుకునేవే కావు. తెల్లవారేసరికి గిన్నె చేతికిచ్చి నన్ను పక్కింటికి తోడుకు తరిమేవారు. అడగాలంటే నాకు మహా సిగ్గు. మామ్మగారు గట్టి పెరుగు ఒక చెంచాడు వేస్తూ, "రేపు మీ గుమ్మంలోకి ఎవరొచ్చినా లేదనకూడదు సుమా" అనేది. ఇంటికి చేరేలోగా అందులో ఎంత మిగిలేదన్నది ఇప్పుడు అప్రస్తుతం.

మామ్మగారి షరతే దాదాపుగా జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) అనే లైసెన్సు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ దాని మొదటి రూపాన్ని 1989లో విడుదల చేశారు. ప్రోగ్రామును తీసుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి కూడా. మార్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం సోర్సు కోడ్‌తో (అంటే మనిషి చదివి మార్చగల అసలు రాతతో) సహా అదే స్వేచ్ఛ వాళ్ళకూ ఇవ్వాలి. మీ ఇంట్లోనే తింటే ఎవరికీ గిన్నె చూపించనక్కర్లేదు. లిబ్రెఆఫీస్ షరతులు ఇంతకంటే కాస్త సడలుగా ఉంటాయి.

తోడు ఎవరిదైనా పాలు మాత్రం మీవై ఉండాలి. ఇక్కడ పాలంటే మీరు రాసిన పంక్తులు. మన కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య రచనే. ఎక్కడా నమోదు చేయించకపోయినా రాసిన క్షణం నుంచే హక్కు మీది. అది మీ జీవితకాలమంతా, ఆపైన 60 ఏళ్ళూ ఉంటుంది. కాబట్టి మీరు నోరు తెరిచి "వాడుకోండి" అనకపోతే ఎదుటివారు ముట్టుకోకూడదు. ఆ అమ్మాయిని వాళ్ళు అడిగింది ఆ ఒక్క మాటే. హక్కు రాసిమ్మనలేదు, అనుమతి అడిగారు. ఈమాక్స్ అనే ఎడిటర్ వంటి చోట్ల, పంపిన మార్పు పదిహేను పంక్తులు దాటితే హక్కునే స్టాల్‌మన్ పెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పేర రాసివ్వమంటారు. అలాంటి కాగితం వస్తే అమ్మానాన్నలకు చూపించండి. పద్దెనిమిదేళ్ళు నిండనివారి ఒప్పందం మన దేశంలో చెల్లదు.

అసలు చిక్కంతా పరాయి పాలతోనే. మీ అన్నయ్య కంపెనీ పనిలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, చట్టం దృష్టిలో కంపెనీయే సొంతదారు. అతను ఎంత దాతైనా అది దానం చేయలేడు. ఇంటర్నెట్‌లో కనబడిన కోడ్ కూడా అంతే. లైసెన్సు లేకుండా పడి ఉందంటే ఎవరూ కట్టేయని గేదె అనుకోకండి, దానికీ యజమాని ఉంటాడు. ఒకసారి తోడుకున్నాక ఏ ఇంటి పాలు ఏవో ఎవరు విడదీయగలరు? 2003లో ఎస్‌సీఓ అనే సంస్థ, తమ యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌ను, ఊరికే దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కలిపారంటూ ఐబీఎం కంపెనీపై కోర్టుకెక్కింది. రాజీ కుదిరేసరికి 2021 వచ్చింది. ఆ గొడవ నడుస్తుండగానే, 2004లో, లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌కు కోడ్ పంపేవారు "దీన్ని ఇచ్చే హక్కు నాకుంది" అని ప్రతి మార్పు కిందా పేరు పెట్టే పద్ధతి వచ్చింది.

గిన్నె నిండాక షరతు మార్చాలన్నా తిప్పలే. వీడియోలు చూపించే వీఎల్‌సీ ప్రోగ్రాము వాళ్ళు అందులోని ప్రధాన భాగానికి లైసెన్సు మార్చాలనుకుని, 2011, 2012లలో వందమందికి పైగా రచయితలను వెతికి అడగాల్సి వచ్చింది. ఎప్పుడో నాలుగు పంక్తులు పంపి మరిచిపోయిన మనిషినీ వదలకుండా అడిగారంటే నాకు ముచ్చటేస్తుంది. చిన్నవాడిదే కదా అని చెప్పకుండా తీసుకోవడం మన ఇళ్ళలో ఎంత మామూలో మీకూ తెలుసు.

నేను చెప్పింది చాలు, ఇక వెళ్ళి చూడండి. లినక్స్ కెర్నల్‌లో ఏదో ఒక మార్పు తెరిస్తే అడుగున "సైన్డ్-ఆఫ్-బై" అని పేర్లు కనిపిస్తాయి. ఒక్కోచోట నాలుగైదుంటాయి. రాసినవారెవరో, చేతులు మార్చి పైకి పంపినవారెవరో పోల్చుకోండి. తర్వాత మీ కంప్యూటర్‌లోని ఏదైనా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో "కాపీయింగ్" (COPYING) అన్న ఫైలు వెతికి చదవండి. అర్థంకాని వాక్యాల కింద గీతగీసి నాకు పంపండి. అన్నీ పెద్దక్షరాల్లో, "ఏ హామీ లేదు" అని అరిచే పేరా ఒకటి తగులుతుంది. దాని గురించి మాత్రం నన్నడగకండి, అది వకీళ్ళు వకీళ్ళ కోసం రాసుకున్నది.

మీ తాతయ్య