క్రియేట్ కొడితే సేవ్ అయినట్టేనా? రైల్స్ అసోసియేషన్లపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో రైల్స్ (వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) నేర్పుతుంటాను. అందులో ఒక టేబుల్ రికార్డులను ఇంకో టేబుల్ రికార్డులతో కలిపేదే అసోసియేషన్. కొత్తగా ప్రాజెక్టుల్లో చేరినవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట ఇదే: "అన్నా, క్రియేట్ కొట్టిన, ఎర్రర్ రాలే. కానీ టేబుల్‌లో రికార్డు లేదు."

అపోహ: ఎర్రర్ రాలేదంటే రికార్డు సేవ్ అయినట్టే.

వాస్తవం: కాదు. హ్యాజ్ మెనీ (ఒక పేరెంట్ రికార్డుకు చాలా చైల్డ్ రికార్డులుండే అసోసియేషన్) మీద క్రియేట్ కాల్ చేస్తే, వాలిడేషన్ (సేవ్‌కు ముందు జరిగే డేటా తనిఖీ) ఫెయిలైనా చేతికి ఒక ఆబ్జెక్టు వస్తుంది. నిల్ రాదు, ఫాల్స్ రాదు. దాన్ని ఇఫ్‌లో పెడితే ఎప్పుడూ సక్సెస్ మెసేజే కనిపిస్తుంది.

"ట్రాన్సాక్షన్‌లో పెట్టిన కదా" అంటారు, అంటే అన్నీ సేవ్ కావాలి, లేదా ఏదీ కాకూడదు అని. అసలు దెబ్బ తగిలేది అక్కడే. లోపల ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్‌ను ఆపే ఎర్రర్) వస్తేనే రోల్‌బ్యాక్ జరుగుతుంది, అంటే చేసినవన్నీ వెనక్కి పోతాయి. మామూలు క్రియేట్‌లో వాలిడేషన్ ఫెయిలైతే ఎక్సెప్షన్ రాదు. పేరెంట్ కమిట్ అవుతుంది, చైల్డ్ ఉండదు.

ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి యాప్ చేసిన తమ్ముడు మిర్చి సీజన్‌లో ఫోన్ చేశాడు. లాట్ ఉంది, బస్తాల తూకాలు కొన్నే ఉన్నాయి, తక్‌పట్టీలో (రైతుకిచ్చే లెక్క చీటీలో) బరువు తగ్గింది. రైతు ఎదురుగా నిలబడి ఉన్నాడు. డేటాబేస్ కరప్ట్ అయిందని ఎవరో చెప్పారట, పిల్లవాడి గొంతు వణుకుతోంది. ఇలాంటి పుకార్లు పుట్టించేవాళ్లు ఒక్కసారైనా ఆ ఆబ్జెక్టు ఎర్రర్స్ తెరిచి చూస్తే బాగుండు! బరువు పూర్ణసంఖ్యే కావాలని వాలిడేషన్ రాసి ఉంది. 42.5 లాంటి తూకాలన్నీ చప్పుడు లేకుండా ఆగిపోయాయి. కాంటా పుస్తకంలో లెక్క ఉంది కాబట్టి రైతుకు నష్టం జరగలేదు.

ట్రాన్సాక్షన్ లోపల ఆశ్చర్యార్థకం ఉన్న క్రియేటే (create!) వాడండి, వాలిడేషన్ ఫెయిలైతే అది రికార్డ్ ఇన్‌వ్యాలిడ్ అనే ఎక్సెప్షన్ ఇస్తుంది. కంట్రోలర్‌లో (రిక్వెస్టును అందుకునే కోడ్‌లో) దాన్ని రెస్క్యూ చేసి, అంటే పట్టుకుని, తప్పేమిటో స్క్రీన్ మీద చూపండి. మామూలు క్రియేటే కావాలంటే తర్వాత పర్సిస్టెడ్ (persisted?, నిజంగా సేవ్ అయిందా) చెక్ చేయండి.

మిగతావి క్లుప్తంగా. బిల్డ్‌తో చేసిన చైల్డ్ మెమరీలోనే ఉంటుంది, టేబుల్‌లోకి పోదు. కొత్త పేరెంట్‌ను సేవ్ చేస్తే దానితో పాటే చైల్డ్ కూడా సేవ్ అవుతుంది. 2016లో వచ్చిన రైల్స్ 5 నుంచి కొత్త యాప్‌లలో బిలాంగ్స్ టుకు (చైల్డ్ వైపు రాసే అసోసియేషన్‌కు) పేరెంట్ తప్పనిసరి. పేరెంట్ లేదని 'మస్ట్ ఎగ్జిస్ట్' ఎర్రర్ వచ్చిందని, ఆ నియమాన్ని తీసేసే ఆప్షనల్‌ను అన్నిచోట్లా పెట్టకండి.

హ్యాజ్ వన్‌తో (పేరెంట్‌కు ఒక్క చైల్డే ఉండే అసోసియేషన్) మాత్రం జాగ్రత్త. పాత రికార్డు ఉండగా బిల్డ్ చేస్తే, కొత్తది సేవ్ కాకముందే పాతదాని ఫారిన్ కీ (పేరెంట్ ఎవరో చెప్పే ఐడీ) పోతుంది. అసోసియేషన్‌లో డిపెండెంట్ డిస్ట్రాయ్ ఆప్షన్ ఉంటే పాత రికార్డే పోతుంది. ఎడిట్ పేజీ తెరవగానే బ్యాంకు వివరాలు మాయమయ్యాయని టెన్షన్ పడేవాళ్లు ముందు ఎడిట్ యాక్షన్‌లో (ఆ పేజీని తెరిచే కంట్రోలర్ కోడ్‌లో) బిల్డ్ ఉందేమో చూడండి. పాతది లేకపోతేనే బిల్డ్ చేయాలి.