విగ్రహం దక్కని సేనాని: లాంగ్‌స్ట్రీట్ కుటుంబం, ఆయన మీద పడ్డ నింద

2017 ఏప్రిల్, మే నెలల్లో అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ నగరం నాలుగు స్మారకాలను తీసేయించింది. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల కూటమి (కాన్ఫెడరసీ) అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, సేనాధిపతి రాబర్ట్ ఇ. లీ, జనరల్ బోరెగార్డ్‌ల విగ్రహాలు అందులో మూడు. నాలుగోది ఒక రాతి స్తంభం. 1874లో ఆ ఊళ్లో జరిగిన తిరుగుబాటును పొగుడుతూ 1891లో నిలబెట్టారు. దాన్ని ఊడదీయడానికి వచ్చిన పనివాళ్లు మొహాలకు ముసుగులు కట్టుకుని, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వేసుకుని తెల్లవారకముందే పని చేయాల్సి వచ్చింది. అంత టెన్షన్ ఉంది ఊళ్లో.

ఆ జాబితాలో ఒక పేరు లేదు. లీ కింద పనిచేసిన సేనానుల్లో అందరికంటే సీనియర్ జేమ్స్ లాంగ్‌స్ట్రీట్. యుద్ధం అయ్యాక దాదాపు పదేళ్లు ఆయన కాపురం న్యూ ఓర్లీన్స్‌లోనే. అయినా ఆ ఊరు ఆయనకు విగ్రహం కట్టలేదు. ఆయన ఏ యుద్ధంలో ఓడిపోయాడన్నది దీనికి కారణం కాదు. ఓడిపోయాక ఏ పక్కన నిలబడ్డాడన్నదే కారణం. ఆయన జీవితంలో తేదీల వరస చూసుకుంటూ పోతే ఇది తెలిసిపోతుంది.

లాంగ్‌స్ట్రీట్‌ల పూర్వీకులు హాలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. తాత విలియం సవానా నదిలో ఆవిరి పడవ నడపాలని తంటాలు పడిన మనిషి. తండ్రికి జార్జియాలో గెయిన్స్‌విల్ దగ్గర పత్తి తోట, అందులో పని చేసే బానిసలు. జేమ్స్ 1821 జనవరి 8న సౌత్ కరొలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతంలో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు చదువు కోసం ఆగస్టాలో ఉన్న బాబాయి ఇంటికి పంపారు. పన్నెండేళ్లప్పుడు తండ్రి కలరాతో పోయాడు. తల్లి అలబామాకు వెళ్లిపోయింది, పిల్లాడు బాబాయి దగ్గరే పెరిగాడు.

ఆ బాబాయి ఆగస్టస్ బాల్డ్‌విన్ లాంగ్‌స్ట్రీట్ మామూలు మనిషి కాదు. లాయరు, జడ్జి, పత్రిక యజమాని, మెథడిస్టు బోధకుడు, తర్వాత మిసిసిపీ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. రాష్ట్రాల హక్కుల పేరుతో బానిసత్వాన్ని గట్టిగా సమర్థించినవాడు. ఆయన అల్లుడు ఎల్.క్యూ.సి. లామర్ 1861లో మిసిసిపీ వేర్పాటు తీర్మానాన్ని రాసినవాడు. అంటే జేమ్స్ పెరిగిన ఇల్లే వేర్పాటువాదానికి ఒక బడి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అమెరికాలో కాన్ఫెడరేట్ సైనికుల వంశవృక్షాలు వెతకడం పెద్ద వ్యాపకం. దొరికే కాగితాలు కూడా చాలా ఉన్నాయి. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒక్కో సైనికుడి సర్వీసు రికార్డు ఉంది. పెన్షన్ దరఖాస్తులు రాష్ట్రాల దగ్గర ఉంటాయి, ఎందుకంటే ఓడిన సైన్యానికి ఫెడరల్ ప్రభుత్వం పెన్షన్ ఇవ్వలేదు, దక్షిణ రాష్ట్రాలే ఇచ్చుకున్నాయి. అదే ఆ ఇళ్లలో చాకిరీ చేసినవాళ్ల వంశం వెతకబోతే 1870 దగ్గర గోడ తగులుతుంది. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టికలు వేరు. అందులో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాశారు తప్ప మనిషి పేరు దాదాపు ఎక్కడా రాయలేదు. లాంగ్‌స్ట్రీట్ తాత ముత్తాతల వరకు మనం ఇంత సులువుగా వెళ్లగలగడం కూడా ఆ అసమానతలో భాగమే.

వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో జేమ్స్ చదువు అంతంతమాత్రం. 1842లో 56 మందిలో 54వ స్థానంలో బయటపడ్డాడు. తనకంటే ఏడాది వెనక ఉన్న యులిసిస్ గ్రాంట్‌తో అక్కడే స్నేహం. తర్వాత అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాధిపతి అయింది ఈ గ్రాంటే. గ్రాంట్ తర్వాత పెళ్లాడిన జూలియా డెంట్ లాంగ్‌స్ట్రీట్ తల్లి పుట్టింటి వైపు దూరపు చుట్టం. మన వరసలు కట్టి చూస్తే జూలియా మరదలు, గ్రాంట్ తమ్ముడి వరస అవుతారు. 1848 ఆగస్టులో సెయింట్ లూయిస్‌లో జరిగిన ఆ పెళ్లికి లాంగ్‌స్ట్రీట్ వెళ్లాడు. అదే ఏడాది మార్చిలో తను పెళ్లి చేసుకున్నది తన పై అధికారి కర్నల్ గార్లండ్ కూతురు మరియా లూయిసాను. వాళ్లకు పదిమంది పిల్లలు. పెద్దవాళ్లయింది ఐదుగురే.

1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక కుటుంబం కాన్ఫెడరసీ రాజధాని రిచ్‌మండ్‌లో ఉంది. 1862 జనవరి చివర్లో ఊళ్లో స్కార్లెట్ ఫీవర్ పాకి, వారం పది రోజుల్లో ముగ్గురు పిల్లలు చనిపోయారు. అందులో ఒకడికి బాబాయి పేరే పెట్టుకున్నారు. పదమూడేళ్ల పెద్దవాడు గార్లండ్ కూడా జ్వరపడి, ఎలాగో బతికాడు. అంత్యక్రియల ఏర్పాట్లు స్నేహితుడు, తోటి సేనాని జార్జ్ పికెట్ చూశాడు. అంతకుముందు పేకాట, కబుర్లతో సరదాగా ఉండే లాంగ్‌స్ట్రీట్ ఆ తర్వాత మాట తగ్గించేశాడని తోటి అధికారులు రాసుకున్నారు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఆంటీటమ్ యుద్ధం ముగిశాక లీ ఆయన్ని ‘నా ముసలి యుద్ధాశ్వం’ అని పిలిచాడు. 1863 జూలై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో జరిగిన యుద్ధమే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది. మూడో రోజు పన్నెండు వేలకు పైగా సైనికులను బయలు నేల మీదుగా శత్రువు ఫిరంగుల మీదికి పంపడం వద్దని లాంగ్‌స్ట్రీట్ వాదించాడు. లీ వినలేదు. వెళ్లినవాళ్లలో సగం మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా పట్టుబడ్డారు. తప్పంతా తనదేనని తిరిగొస్తున్న సైనికులతో లీ ఆ సాయంత్రమే అన్నాడు.

అదే దండయాత్రలో లీ సైన్యం పెన్సిల్వేనియాలో కనిపించిన నల్లజాతివాళ్లను, స్వేచ్ఛగా బతుకుతున్నవాళ్లతో సహా పట్టుకుని దక్షిణానికి తోలుకుపోయింది. పట్టుబడ్డవాళ్లను వెంట తీసుకురమ్మని పికెట్‌కు జూలై 1న వెళ్లిన ఉత్తర్వు లాంగ్‌స్ట్రీట్ కార్యాలయం నుంచి వెళ్లిందే. ఆయన తర్వాతి జీవితం చూసి మురిసిపోయేవాళ్లు ఈ కాగితాన్ని దాటేస్తుంటారు.

యుద్ధమైన మూడు నెలలకు, 1863 అక్టోబరులో లాంగ్‌స్ట్రీట్‌కు కొడుకు పుట్టాడు. పేరు రాబర్ట్ లీ. గెటిస్‌బర్గ్‌లో లీకి ద్రోహం చేశాడని తర్వాత వచ్చిన ఆరోపణకు ఇంతకంటే మంచి జవాబు ఆ కుటుంబ చరిత్రలో ఇంకోటి లేదనిపిస్తుంది. మరుసటి ఏడాది మే 6న వైల్డర్‌నెస్ యుద్ధంలో సొంత సైనికుల తూటాయే పొరపాటున గొంతులోంచి భుజంలోకి దూసుకుపోయింది. కుడి చెయ్యి చాలాకాలం పడిపోయింది. అయినా కోలుకుని, 1865 ఏప్రిల్ 9న లీ లొంగిపోయే రోజు వరకు పక్కనే ఉన్నాడు. ఆ రోజు గ్రాంట్ ఆప్యాయంగా పలకరించి, పాత రోజుల్లాగా మళ్లీ పేకాడుకుందామన్నాడని తర్వాత చెప్పుకున్నాడు.

ఇంతవరకు లాంగ్‌స్ట్రీట్‌ను దక్షిణాదిలో ద్రోహి అని వేలెత్తి చూపినవాడు లేడు. న్యూ ఓర్లీన్స్‌లో పత్తి వ్యాపారం, ఇన్సూరెన్సు కంపెనీ, మంచి పరపతి. క్షమాభిక్ష కోసం గ్రాంట్ సిఫారసు ఉత్తరం రాసినా అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఒప్పుకోలేదు. డేవిస్, లీ, లాంగ్‌స్ట్రీట్‌లకు మాత్రం ఎప్పటికీ ఇవ్వనన్నాడట. ఆ ముగ్గురి వరసలో తన పేరుండటం అప్పట్లో దక్షిణాదిలో గౌరవమే.

1867లో కాంగ్రెసు పునర్నిర్మాణ చట్టాలు తెచ్చింది. నల్లజాతి మగవాళ్లకు ఓటు ఇస్తేనే దక్షిణ రాష్ట్రాలను తిరిగి చేర్చుకుంటామంది. మనం ఓడిపోయాం, గెలిచినవాళ్ల షరతులకు ఒప్పుకోవాలి అంటూ లాంగ్‌స్ట్రీట్ స్థానిక పత్రికలకు ఉత్తరాలు రాశాడు. అచ్చుకు ఇచ్చేముందు బాబాయికి చూపిస్తే, ఇది నిన్ను నాశనం చేస్తుందిరా అబ్బాయీ అన్నాడట ఆ పెద్దాయన. తన మాటను సమర్థించమని లీని అడిగితే ఆయనా మర్యాదగా తప్పుకున్నాడు. ఆ ఉత్తరాల్లో సమానత్వ ఆదర్శమేమీ లేదు. బానిసత్వాన్ని రద్దు చేసిన రిపబ్లికన్ పార్టీలో మనమే చేరితే కొత్త ఓటర్లు మన అదుపులో ఉంటారన్న లెక్క ఉంది. అయినా రెండో రోజు నుంచే ద్రోహి అన్నారు. ఇన్సూరెన్సు ఖాతాదారులు జారుకున్నారు. 1868 జూన్‌లో కాంగ్రెసు ఆయన రాజకీయ హక్కులు తిరిగిచ్చింది. మరుసటి ఏడాది అధ్యక్షుడైన గ్రాంట్ న్యూ ఓర్లీన్స్ ఓడరేవు కస్టమ్స్‌లో పెద్ద ఉద్యోగమిచ్చాడు. వరసకు తమ్ముడి చేతి మీదుగా వచ్చిన ఉద్యోగం కదా, అమ్ముడుపోయాడన్న మాట కూడా తోడైంది.

లూసియానా రిపబ్లికన్ ప్రభుత్వం ఆయన్ని రాష్ట్ర మిలీషియా అధిపతిని చేసింది. అందులో ఎక్కువమంది నల్లజాతి సైనికులు. 1874 సెప్టెంబరు 14న వైట్ లీగ్ అనే సాయుధ సంస్థ ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోయడానికి వేల మందితో కెనాల్ స్ట్రీట్ మీదికి వచ్చింది. వచ్చినవాళ్లలో చాలామంది ఒకప్పటి కాన్ఫెడరేట్ సైనికులే. అవతల పోలీసులు, మిలీషియా, గుర్రం మీద లాంగ్‌స్ట్రీట్. ఆయన్ని కిందికి లాగి పట్టుకున్నారు, తూటా తగిలి గాయపడ్డాడు. రెండు వైపులా కలిపి 30 మందికి పైగా చనిపోయారు. ఫెడరల్ సైన్యం దిగాక గానీ, మూడు రోజులకు, ప్రభుత్వం మళ్లీ కుర్చీ ఎక్కలేదు. 2017లో మొట్టమొదట తీసిన రాతి స్తంభం ఈ తిరుగుబాటుకు గుర్తుగా కట్టిందే. 1876 ఎన్నికలు దక్షిణాదిలో తెల్లవారి ఆధిపత్యాన్ని గుర్తించాయని 1932లో దాని మీద చెక్కించారు కూడా.

ఇక గెటిస్‌బర్గ్ నింద ఎప్పుడు పుట్టిందో చూడండి. లీ 1870లో చనిపోయాడు. 1872 జనవరిలో లీ జయంతి సభలో జనరల్ జూబల్ అర్లీ మొదటిసారి ఓటమికి లాంగ్‌స్ట్రీట్ ఆలస్యమే కారణమన్నాడు. మరుసటి ఏడాది పెండిల్‌టన్ అనే మరో జనరల్, రెండో రోజు సూర్యోదయానికే దాడి చేయమని లీ ఆజ్ఞాపించాడని, లాంగ్‌స్ట్రీట్ సాయంత్రం దాకా లాగాడని కొత్త కథ జోడించాడు. యుద్ధమైన తొమ్మిదేళ్ల దాకా ఎవరికీ గుర్తురాని ఆజ్ఞ అది. లీ ఆంతరంగిక అధికారులకు లాంగ్‌స్ట్రీట్ ఉత్తరాలు రాసి అడిగితే అలాంటి ఆజ్ఞ తమకు తెలియదన్నారు. మొదటి రోజు చేతికందిన కొండను పట్టుకోలేదన్న మచ్చ అర్లీ మీదా ఉందని గుర్తుపెట్టుకోవాలి. కానీ చరిత్ర పత్రికలు, సభలు, సంఘాలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి.

లాంగ్‌స్ట్రీట్ జవాబులు ఆయన కేసును ఇంకా పాడుచేశాయి. తగవు అర్లీతో అయితే, రాతలో లీని తప్పుపట్టాడు. ఆ పాటికి లీ దక్షిణాదిలో దేవుడైపోయాడు. తనను తాను పొగుడుకోవడమూ ఎక్కువే.

అంటే తెల్ల ఆధిపత్యాన్ని కాస్త ప్రశ్నించిన ప్రతివాడికీ ఇదే గతి పట్టిందా అంటే, అంత సూటిగా లేదు. 1873లో తెల్ల, నల్ల జాతుల రాజీ ఉద్యమంలో బోరెగార్డ్ కూడా ఉన్నాడు, ఆయనకు 1915లో విగ్రహం దక్కింది. ఆయన ఎదుటి పక్షం తరఫున ఆయుధం పట్టలేదు, గెటిస్‌బర్గ్‌లో లేడు కూడా. వర్జీనియాలో నల్లజాతివాళ్లతో కలిసి పార్టీ నడిపి రాష్ట్రాన్నే గెలిచిన జనరల్ మహోన్ మాత్రం లాంగ్‌స్ట్రీట్ లాగే రిచ్‌మండ్‌లో కాన్ఫెడరేట్ నాయకుల విగ్రహాలు పెట్టిన వీధిలోకి (మాన్యుమెంట్ అవెన్యూ) రాలేదు. సైనిక స్థావరాల పేర్లదీ అదే కథ. పికెట్ పేరుతో ఒకటి, లాంగ్‌స్ట్రీట్‌ను ద్రోహిగా చూసిన గార్డన్ పేరుతో ఒకటి వెలిశాయి. వాళ్ల సీనియర్ పేరుతో ఒక్కటీ లేదు.

1875లో కుటుంబం గెయిన్స్‌విల్‌కు తిరిగొచ్చింది. 1877లో ఆయన క్యాథలిక్ మతం తీసుకున్నాడు. ఆటోమన్ సామ్రాజ్యంలో రాయబారిగా వెళ్లాడు, జార్జియాలో ఫెడరల్ మార్షల్‌గా చేశాడు, ఊళ్లో హోటలు నడిపాడు. 1889 ఏప్రిల్ 9న ఇల్లు కాలిపోయింది, ఉత్తరాలు, పుస్తకాలు బూడిదయ్యాయి. ఆ డిసెంబరులో లూయిసా పోయింది. పాత సైనికులు మాత్రం ఆయన్ని వదల్లేదు. 1886లో అట్లాంటాలో జరిగిన ఒక సభకు పిలుపు లేకున్నా పాత యూనిఫారంలో గుర్రమెక్కి వెళితే, జనం చూస్తుండగా జెఫర్సన్ డేవిస్ కౌగిలించుకున్నాడు. కేకలతో సభ దద్దరిల్లింది.

1897లో, 76 ఏళ్ల వయసులో, 34 ఏళ్ల హెలెన్ డార్చ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె అప్పటికే జార్జియా సహాయ స్టేట్ లైబ్రేరియన్‌గా పనిచేసిన, ఆ రాష్ట్రంలో ప్రభుత్వ పదవి చేపట్టిన మొదటి మహిళ. ఆయన పిల్లలకు ఈ పెళ్లి నచ్చలేదు. 1904 జనవరి 2న ఆయన న్యుమోనియాతో చనిపోయాడు. కాన్ఫెడరేట్ కుమార్తెల సంఘం సవానా శాఖ పూలు పంపడానికి ఒప్పుకోలేదు.

ఆయన తరఫున కొట్లాట ఆ తర్వాత 58 ఏళ్లు హెలెన్‌ది. ఆ ఏడాదే ఆయన పక్షాన పుస్తకం రాసింది. గెయిన్స్‌విల్ పోస్ట్‌మాస్టర్‌గా ఉంటూనే టలూలా జలపాతాన్ని కరెంటు కంపెనీ డ్యాం నుంచి కాపాడాలని కోర్టుకెక్కి ఓడిపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో, 80 ఏళ్ల వయసులో, మరియెట్టాలో బాంబర్ విమానాల ఫ్యాక్టరీలో రివెట్లు బిగించే పనికి చేరింది. 1950లో నల్లవారిని వేరుగా ఉంచాలనే హెర్మన్ టాల్మడ్జ్ మీద గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయింది. గెటిస్‌బర్గ్‌లో భర్త విగ్రహానికి 1941 జూలైలో శంకుస్థాపన జరిపించింది గానీ డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగడంతో అది అక్కడే ఆగిపోయింది. 1962లో 99 ఏళ్లకు ఆమె పోయేనాటికి కూడా అక్కడ విగ్రహం లేదు. 1974లో వచ్చిన ఒక నవల, దాని మీద తీసిన సినిమా జనంలో ఆయన మీద అభిప్రాయం మార్చాక, చందాలు పోగుచేసి 1998 జూలై 3న పెట్టారు. పీఠం లేకుండా నేల మీదే గుర్రంపై ఉన్న ఆ లాంగ్‌స్ట్రీట్ ఒంటి మీద కాన్ఫెడరేట్ యూనిఫారమే ఉంది.