"నువ్వే చెప్పమ్మా": ఫ్యామిలీ కోర్టు వెనక దుర్గాబాయి

పోయిన నెల మా పిన్నమ్మ కూతురికి తోడుగా ఫ్యామిలీ కోర్టుకు వెళ్ళాను. మనోవర్తి కేసు. తిరుపతిలో పొద్దున్నే బయల్దేరాం, అక్క చేతిలో బట్టల షాపు కవరు, అందులో పెళ్ళి ఫోటో, శుభలేఖ, ఆధార్ జిరాక్సులు, పిల్లాడి స్కూలు ఫీజు రసీదులు. కౌన్సెలర్ మేడమ్ ఫైలు పక్కన పెట్టి, "ఇందులో రాసింది చదివానులే, ఇప్పుడు నువ్వే చెప్పమ్మా" అన్నారు. అక్కకు నోరు పెగల్లేదు. నా వైపు చూసింది, గుమ్మం బయట నిలబడ్డ లాయరు వైపు చూసింది, చివరికి "అంతా ఆయన రాసినాడు కదా మేడమ్" అని తల వంచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగింది, "లాయరుకు డబ్బులిచ్చినాం కదా, మళ్ళా మనల్నే చెప్పమంటారేంది మే?"

న్యాయమైన ప్రశ్నే. చట్టంలో ఏముందో చెబితే ఒక్క ముక్కలో అయిపోతుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, 13వ సెక్షన్ ప్రకారం ఇక్కడ లాయరును పెట్టి వాదించుకోవడం హక్కు కాదు, కోర్టు ఒప్పుకుంటేనే. ఎవరి గోడు వాళ్ళే చెప్పుకోవాలన్నది దాని ఉద్దేశం. కానీ ఇలాంటి కోర్టు ఒకటి కావాలని మన దేశంలో మొదట్లోనే గట్టిగా అడిగిన వాళ్ళలో ఒక తెలుగావిడ ఉందని, ఆమెకు చదువు మీదా చట్టం మీదా ఆ పట్టుదల జైలు గోడల మధ్య గట్టిపడిందని మా అక్కకు తెలీదు, నిజం చెప్పాలంటే మన స్కూలు పుస్తకాల్లో చదివిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పాఠంలో నాకూ ఎవరూ చెప్పలేదు.

ఆ పాఠంలో అందరికీ గుర్తుండేది ఒక్కటే కథ. 1923 కాకినాడ కాంగ్రెస్, ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా పద్నాలుగేళ్ళ పిల్ల, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. మంచి కథే, కానీ అక్కడితో ఆపేస్తాం. దానికి ముందు 1921లో గాంధీ కాకినాడకు వచ్చినప్పుడు ఆ పన్నెండేళ్ళ పిల్ల దేవదాసీల కోసం, పరదా వదిలి బయటికి రాలేని ముస్లిం స్త్రీల కోసం ప్రత్యేకంగా సభ పెట్టించింది, గాంధీ హిందీ మాటల్ని తెలుగులో చెప్పింది. ఇంకొకరి మాటను ఇంకొకరికి చేరవేయడంతోనే ఆమె ప్రజాజీవితం మొదలైందన్నమాట.

ఆమె పుట్టింది 1909లో, రాజమండ్రిలో. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్ళనంది, ఇంట్లోవాళ్ళు ఆమె పక్షాన నిలబడ్డారు. ఈ సంగతిని జీవితచరిత్రల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు గానీ, నాకైతే అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. తర్వాత భార్యాభర్తల తగాదాల కోసం వేరే కోర్టు కావాలని అడిగిన మనిషి, నోరు విప్పి వద్దని చెప్పడానికి ఎంత కష్టపడాలో తన ఒంటి మీద తెలుసుకున్న మనిషి.

1930 ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో ముందు నిలిచింది. 1930 నుంచి 1933 మధ్య మూడు సార్లు జైలు. మదురై జైల్లో ఒంటరి గది, చుట్టూ హత్య కేసుల ఖైదీలు. జైల్లో ఆడ ఖైదీలతో మాట్లాడినప్పుడే ఆమెకు కళ్ళు తెరుచుకున్నాయి. తాము ఏ నేరానికి శిక్ష అనుభవిస్తున్నామో కూడా సరిగ్గా తెలియని ఆడవాళ్ళు. చదువు లేదు, చెప్పేవాళ్ళు లేరు, ఎవరో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి ఉంటారనిపిస్తుంది నాకు. బయటికి వెళ్ళాక లా చదవాలని ఆమె అప్పుడే అనుకుంది. "అంతా ఆయన రాసినాడు కదా" అన్న మా అక్క మాట విన్నాక నాకు ఆ జైలు గుర్తొచ్చింది.

లా అంటే ముందు మెట్రిక్ కావాలి కదా. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్, ఇంటర్ పూర్తిచేసి బి.ఏ. కోసం ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చింది. ఇక్కడ మన చిత్తూరు మనిషి కథలోకి వస్తాడు. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు వాళ్ళకు ఆయన్ని పరిచయం చేయక్కర్లేదు, ఆయన ఊరు కట్టమంచి ఇప్పుడు చిత్తూరులోనే కలిసిపోయింది. ఆడపిల్లలకు హాస్టల్ లేదు, ఎలా చేర్చుకునేదని యూనివర్సిటీ వెనకాడింది. ఆమె వెనక్కి తగ్గలేదు. చదువుకోవాలనుకునే అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా అని పత్రికలో ప్రకటన ఇచ్చింది. వచ్చిన వాళ్ళను కూడగట్టి హాస్టల్ తామే పెట్టుకున్నారు, ఇక కాదనడానికి కారణం లేకుండా పోయింది. ఈ రోజు తిరుపతిలో ఊరు కాని ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండి చదివే వేలమంది అమ్మాయిలను చూస్తుంటే ఆ ప్రకటన ఎలా రాసి ఉంటుందా అని ఆలోచిస్తుంటాను.

1942లో మద్రాసులో లా పట్టా. అప్పటికే, 1937లో, ఆంధ్ర మహిళా సభ మొదలైంది, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను పరీక్షలకు కూర్చోబెట్టడం దాని తొలి పనుల్లో ఒకటి. తర్వాతవన్నీ పెద్ద పదవులు: రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘం సభ్యురాలు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలు, 1958లో స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలు. 1952 ఎన్నికల్లో ఓడిపోయింది కూడా, అదీ చెప్పాలి. ఓడినా పని ఆగలేదు.

1953లో చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ కోర్టుల పనితీరు చూసింది. తిరిగొచ్చి బొంబాయి హైకోర్టు జడ్జీలు ఎం.సి. ఛాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్‌లతో చర్చించింది, నెహ్రూకూ చెప్పింది. భర్త మీద కేసు వేసిన ఆడది భూమి తగాదాలు, దొంగతనం కేసులు నడిచే అదే హాల్లో, అదే భాషలో, ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరగకూడదన్నది ఈ కోర్టుల వెనక ఉన్న మాట. అది చట్టమయ్యేసరికి 31 ఏళ్ళు పట్టింది. 1974లో లా కమిషన్ 59వ నివేదికలో కుటుంబ తగాదాలకు వేరే పద్ధతి ఉండాలని చెప్పింది, 1984లో పార్లమెంటు చట్టం చేసింది. దుర్గాబాయి 1981 మే 9న చనిపోయింది. మూడేళ్ళు తక్కువ.

చట్టంలో ఆ ఆలోచన ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. ఒక పక్షం అడిగినా విచారణ తలుపులు మూసి జరపాలి. జడ్జీల నియామకంలో ఆడవాళ్ళకు ప్రాధాన్యం ఇవ్వాలి. సాక్ష్యాల చట్టం గీతల్లో ఇమడకపోయినా, తగాదా తేల్చడానికి పనికొస్తుందనుకుంటే ఆ కాగితాన్ని, ఆ మాటను కోర్టు తీసుకోవచ్చు. జనాభా పది లక్షలు దాటిన నగరాల్లో ఈ కోర్టు తప్పనిసరి, మిగతా చోట్ల ప్రభుత్వం అవసరం అనుకుంటేనే. అందుకే మన వైపు ఊళ్ళలోకి ఇవి నెమ్మదిగా వచ్చాయి. ఆచరణలో మాత్రం కోర్టు అనుమతితో లాయర్లే ఎక్కువగా మాట్లాడుతున్నారు, రాజీ అంటే సర్దుకుపో అని ఆడదానికే చెప్పడంగా మారిన చోట్లూ ఉన్నాయి. ఆవిడ కోరింది ఇది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. సర్దుకుపొమ్మంటే తను ఎనిమిదేళ్ళకు కట్టిన పెళ్ళిలోనే ఉండిపోయేది.

ఇదంతా అక్కకు చెప్పాను, జైలు సంగతితో సహా. పెద్దగా ఏమీ అనలేదు. వేలిముద్ర దగ్గర మాత్రం "పాపం" అంది. వచ్చే వాయిదాకు పాయింట్లు రాసివ్వనా అని అడిగితే వద్దంది. నిన్న ఇంటికి వెళ్ళేసరికి పిల్లాడి పాత నోట్‌బుక్కు వెనక పేజీలో తనే రాసుకుంటోంది: పాలు, అద్దె, ట్యూషను, అమ్మ బీపీ మాత్రలు, పోయిన ఏడాది జనవరి నుంచి ఆయన ఎన్ని నెలలు డబ్బు పంపలేదో. నెలల దగ్గర ఒకటి కొట్టేసి, వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టి, పక్కన తొమ్మిది అని దిద్దింది.